అరుదైన జర్మన్ మగపిల్లల పేర్లు: అన్‌జెల్మ్, అన్స్‌గార్, వోల్ఫ్రామ్, లోటార్, అలరిక్‌లలో ఏది ఎవరికి నప్పుతుంది

పాత జర్మానిక్ పేరు పెట్టాలనుకునేవాళ్లు ముందుగా వెతికేది దాని అర్థం. నిజానికి చివరగా చూడాల్సింది అదే. ఈ పేర్లలో చాలావాటికి మనం అనుకునే పద్ధతిలో అర్థం ఉండదు, రెండు ముక్కల కలయిక మాత్రమే ఉంటుంది. పేరు పిల్లాడికి నప్పుతుందో లేదో తేల్చేవి వేరే ఉన్నాయి: అది ఏ తరం మనిషి పేరులా వినిపిస్తుంది, ఇంట్లోనూ బడిలోనూ ఒకేలా నోరు తిరుగుతుందా, చెప్పగానే అక్కడివాళ్లకు ఎవరు గుర్తొస్తారు. జర్మనీలో స్థిరపడ్డ తెలుగువాళ్లు, తల్లిదండ్రుల్లో ఒకరు జర్మన్ అయిన కుటుంబాలు ఈ మూడింటినీ సరిచూసుకుంటే చాలు, తర్వాత చిక్కులు రావు.

రెండు ముక్కలు ఎలా అతుక్కున్నాయి

'అన్స్' అంటే దేవుడు, 'గేర్' అంటే ఈటె, 'హెల్మ్' అంటే శిరస్త్రాణం, 'హ్లూద్' అంటే పేరుమోసిన, 'హరి' అంటే సైన్యం, 'రిక్' అంటే ఏలిక, 'వోల్ఫ్' అంటే తోడేలు, 'హ్రబన్' అంటే బొంతకాకి. ఇలాంటి మాటలు కొన్ని డజన్లు ఉంటే వాటిని రెండేసి చొప్పున కలిపి వేల పేర్లు చేశారు. ఆడో మగో చెప్పేది రెండో ముక్క. కలిపేటప్పుడు అర్థం కుదిరిందా అని పెద్దగా చూడలేదు. గున్‌హిల్ద్ అనే ఆడపేరులో రెండు ముక్కలకీ యుద్ధమనే అర్థం. తొమ్మిదో శతాబ్దంలో ఫుల్డా మఠంలో రాసిపెట్టిన ఒక వీరగాథలో తాత హెరిబ్రాండ్, తండ్రి హిల్డెబ్రాండ్, కొడుకు హాదుబ్రాండ్. మొదటి అక్షరం, చివరి ముక్క వంశమంతా నడిచాయి. పేరు పని అదే: వీడు ఎవరి కొడుకో చెప్పడం.

ఈ పద్ధతి మనకూ కొత్త కాదు. దేవదత్తుడు, శ్రుతసేనుడు లాంటి సంస్కృత నామాలు కూడా అదే ఇండో యూరోపియన్ (సంస్కృతం, జర్మన్ రెండూ చేరిన భాషా కుటుంబం) వారసత్వం. లోటార్‌లోని 'హ్లూద్', సంస్కృతంలోని 'శ్రుత' ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. రెండో ముక్క సైన్యం కాబట్టి, అర్థం వరకు చూస్తే లోటార్ అంటే మహాభారతంలో సహదేవుడి కొడుకు శ్రుతసేనుడే. వోల్ఫ్రామ్‌లోని తోడేలుకూ వృకోదరుడిలోని వృకానికీ చుట్టరికం ఉంది. అలరిక్‌లోని 'రిక్' కూడా రాజ శబ్దానికి బంధువు. ఇంట్లో పెద్దవాళ్లకు పేరు వివరించాల్సి వచ్చినప్పుడు ఈ సంగతులు పనికొస్తాయి. ఎంపికకు మాత్రం అర్థాన్ని ఆధారం చేసుకోవద్దు. రుడోల్ఫ్, అడోల్ఫ్ రెండింట్లోనూ చివర ఉన్నది తోడేలే. ఒకటి కీర్తి కలిగిన తోడేలు, మరొకటి కులీనమైన తోడేలు. హిట్లర్ పేరు కావడంతో రెండోదాన్ని ఈరోజు జర్మనీలో దాదాపు ఎవరూ పిల్లాడికి పెట్టరు. అర్థం ఎంత గొప్పదైనా దాన్ని కాపాడలేదు.

అన్‌జెల్మ్

మొదటే చెప్పేస్తాం, ఎక్కువమందికి మా సిఫార్సు ఇదే. దేవుడు, శిరస్త్రాణం అనే రెండు ముక్కలు. 568లో ఇటలీలోకి దిగిన లాంగోబార్డులనే జర్మానిక్ తెగ మధ్య ఈ పేరు బాగా వాడుకలో ఉండేది. ఆల్ప్స్ కొండల్లోని ఆవోస్తాలో 1033 ప్రాంతంలో పుట్టి, 1093లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయిన సెయింట్ అన్‌జెల్మ్‌తో యూరప్ అంతా తెలిసింది. దేవుడున్నాడని తర్కంతోనే నిరూపించవచ్చన్న ఆయన వాదనను తత్త్వశాస్త్రం చదివేవాళ్లు ఇప్పటికీ ఎదుర్కోవాల్సిందే. ఆయన 1109 ఏప్రిల్ 21న పోయాడు, క్యాథలిక్కులకు ఆ తేదీయే నామదినం, అంటే ఆ పేరున్నవాళ్లు జరుపుకునే రోజు. తర్వాతి కాలంలో చిత్రకారులు అన్‌జెల్మ్ ఫోయెర్‌బాఖ్, అన్‌జెల్మ్ కీఫర్ ఈ పేరును మోశారు. అందుకే జర్మన్ చెవికి ఇది చదువుకున్నవాళ్ల ఇంటి పేరులా, నెమ్మదైన పేరులా తగులుతుంది. కత్తులు, రక్తం, రాజకీయం దీన్ని అంటుకోలేదు.

ఉచ్చారణలో ఒక్క మెలిక ఉంది. జర్మన్‌లో అచ్చు ముందు వచ్చే 'ఎస్' అక్షరాన్ని 'జ'కి దగ్గరగా పలుకుతారు. కాబట్టి బడిలో అన్‌జెల్మ్, ఇంగ్లీషువాళ్ల నోట అన్‌సెల్మ్. ఇటలీలో, స్పెయిన్‌లో అన్‌సెల్మో. ఇవన్నీ ఒకే పేరని విన్నవాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఫోన్లో అక్షరాలు చెప్పాల్సి వచ్చినా తడబాటు ఉండదు. మన ఇళ్లలో చివర 'ఉ' చేరి అన్సెల్ము అవుతుంది. అది ఆపలేం, ఆపనక్కర్లేదు.

ఇబ్బంది ఎక్కడంటే ఇంటిపేరుతో. 'మ'తో మొదలయ్యే ఇంటిపేరు ఉంటే, అన్‌జెల్మ్ మారెళ్ల అన్నట్టు, రెండు 'మ'లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి అన్‌జెల్ అనే వినబడుతుంది. కొత్తవాళ్లు పేరు ఏంజెల్ అని రాసుకునే ప్రమాదమూ ఉంది. అచ్చుతో గానీ, క, త, ప లాంటి గట్టి హల్లుతో గానీ మొదలయ్యే ఇంటిపేరైతే ఏ చిక్కూ లేదు.

అన్స్‌గార్

మొదటి ముక్క అదే, రెండోది ఈటె. ఇది పూర్తిగా ఉత్తరాది పేరు. 801లో పుట్టిన అన్స్‌గార్ అనే సన్యాసి 829 ప్రాంతంలో స్వీడన్‌లోని బిర్కాకు వెళ్లి క్రైస్తవాన్ని బోధించాడు, తర్వాత హాంబుర్గ్ ఆర్చిబిషప్ అయ్యాడు. 845లో వైకింగులు హాంబుర్గ్‌ను తగలబెడితే ఆయన పీఠం బ్రేమెన్‌కు మారింది. 865 ఫిబ్రవరి 3న అక్కడే మరణించాడు. హాంబుర్గ్, బ్రేమెన్, డెన్మార్క్‌లలో ఆయన పేరు మీద చర్చిలున్నాయి. ఆ ప్రాంతంలో పిల్లాడికి అన్స్‌గార్ అని పెడితే ఎవరూ కారణం అడగరు. మ్యూనిక్‌లోనో స్టుట్‌గార్ట్‌లోనో అయితే 'మీది ఉత్తరమా?' అంటారు. ఆ ప్రశ్నకు జీవితాంతం జవాబు చెప్పడం ఇష్టమేనా అన్నది ఆలోచించుకోవాలి.

ఇందులో 'ఎస్' తర్వాత హల్లు ఉంది కాబట్టి 'స'గానే పలుకుతుంది. అయితే 'న్స్‌గ' అని మూడు హల్లులు వరసగా పడటం తెలుగు నోటికి కష్టం. నానమ్మ, తాతయ్యల నోట అనస్‌గారు అయ్యే అవకాశం చాలా ఎక్కువ. పిల్లాణ్ణి గారు చేర్చి పిలిచినట్టు ఉంటుంది, అది ముద్దుగానే ఉండొచ్చు. కానీ అమ్మమ్మ ఊళ్లో ఒక పేరు, బడిలో ఒక పేరు అయిపోతుంది. రావు, రెడ్డి లాంటి 'ర'తో మొదలయ్యేవి వెనక వస్తే రెండు 'ర'లు కలిసిపోతాయి. జర్మన్లు పదం చివరి 'ర'ను ఎలాగూ సగమే పలుకుతారు.

అర్థం, చరిత్ర నచ్చి నోరు తిరగకపోతే ఓస్కార్ ఉంది. పాత ఇంగ్లీషు ఓస్‌గార్ నుంచి వచ్చిందనుకుంటే అవే రెండు ముక్కలు. ఐర్లండ్ కథల నుంచి వచ్చిందన్న వాదన కూడా గట్టిదే. అయితే ఓస్కార్ ఇప్పుడు అరుదైన పేరు కాదు, తరగతిలో ఇద్దరుండవచ్చు. నార్వే, ఐస్‌లండ్ రూపమైన ఆస్‌గేర్ ఇంకో దారి, జర్మనీలో మాత్రం అక్షరం అక్షరం చెప్పుకోవాల్సి వస్తుంది.

వోల్ఫ్రామ్

తోడేలు, బొంతకాకి: రెండూ పాత జర్మానిక్ కథల్లోని వోటాన్ దేవుడి వెంట తిరిగే జంతువులే. 1200 ప్రాంతంలో రాసిన మహాకవి వోల్ఫ్రామ్ ఫోన్ ఎషెన్‌బాఖ్ వల్ల సాహిత్య గౌరవం కూడా ఉంది. పిలవడానికి బాగుంటుంది, వోల్ఫ్ అని కుదించవచ్చు. ఐదింట్లో ధ్వని పరంగా అన్నిటికంటే బలమైనది ఇదే.

కానీ ఒక లోహం అడ్డొస్తుంది. మనం టంగ్‌స్టన్ అనేదాన్ని జర్మన్లు వోల్ఫ్రామ్ అంటారు. రసాయనశాస్త్రంలో దాని గుర్తు డబ్ల్యూ అయింది అందుకే. పరమాణు సంఖ్య 74, ద్రవీభవన స్థానం 3422 డిగ్రీల సెల్సియస్, లోహాలన్నిటిలో ఎక్కువ. పేరుకూ లోహానికీ సంబంధం లేదు. తగరం కరిగించేటప్పుడు ఈ ఖనిజం తగరాన్ని తోడేలులా మింగేస్తుందని గని పనివాళ్లు తిట్టుగా పెట్టిన మాట అది, రెండో ముక్క కూడా వేరే. అయినా ఆవర్తన పట్టిక చెప్పే రోజున తరగతిలో అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తారు. చాలామంది పిల్లలు దాన్ని సరదాగానే తీసుకుంటారు. సిగ్గరి పిల్లాడికి అదొక పరీక్ష.

మొదటి అక్షరం 'వ'. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు వుల్ఫ్‌రమ్ అంటారు, తేడా పెద్దది కాదు. ఇప్పుడు బతికున్న వోల్ఫ్రామ్‌లలో ఎక్కువమంది నడివయసు దాటినవాళ్లు. పేరు పాతబడింది గానీ ముదిరిపోలేదు.

లోటార్

చరిత్రలో దీని బరువు చాలా ఎక్కువ. ఫ్రాంకుల చక్రవర్తి షార్లమాన్ మనవడు, తనూ చక్రవర్తి అయిన మొదటి లోటార్, 843 వెర్డన్ ఒప్పందంలో తమ్ముళ్లతో రాజ్యం పంచుకున్నప్పుడు మధ్యభాగం అతనికి దక్కింది. ఆ భూభాగంలో కొంతకు వంశం పేరే స్థిరపడి లోరెన్ అయింది. ఖండాలు కదులుతాయని చెప్పిన ఆల్ఫ్రెడ్ వేగెనర్ పూర్తి పేరులో రెండోది లోటారే.

అయినా ఈరోజు పుట్టిన పిల్లాడికి దీన్ని మొదటి పేరుగా మేము సూచించం. కారణం తరం. లోటార్ అనగానే జర్మన్లకు అరవై దాటిన మనిషి, 1990 ప్రపంచ కప్ గెలిచిన ఫుట్‌బాల్ కెప్టెన్ లోటార్ మాటెయుస్, లేదా 1999 డిసెంబరు 26న నైరుతి జర్మనీ, ఫ్రాన్స్, స్విట్జర్లండ్ అడవుల్ని నేలమట్టం చేసిన లోటార్ తుఫాను గుర్తొస్తాయి. ముత్తాత తరం పేర్లు మళ్లీ ముద్దొస్తాయి. తాతలు, తండ్రుల తరం పేర్లు ముద్దొచ్చే దశకు ఇంకా రాలేదు. లోటార్ ఆ సందులో చిక్కుకుంది. వెతికేటప్పుడు ఇంకో పొరపాటు చూస్తుంటాం: ఇందులో 'టి' పక్కన 'హెచ్' ఉంటుంది కాబట్టి మనవాళ్లు లోథార్ అంటారు. జర్మన్‌లో ఆ 'హెచ్' పలకదు.

అదే కారణంతో ఫోల్కర్‌ను కూడా పక్కన పెడతాం. మధ్యయుగపు జర్మన్ వీరకావ్యం నీబెలుంగ్ గాథలో ఫిడేలు వాయిస్తూ యుద్ధం చేసే వీరుడి పేరది, ఆల్ట్సై పట్టణ చిహ్నంలో ఇప్పటికీ ఆ ఫిడేలు ఉంది. ఆ గాథ ప్రతి 1755లో హోహెనెమ్స్‌లో మళ్లీ దొరికాక ఆ పేర్లు తిరిగి వాడుకలోకి వచ్చాయి. కానీ వాటి వెలుగు ఇరవయ్యో శతాబ్దం మధ్యలోనే ముగిసింది. పైగా రాసేది 'వి'తో, పలికేది 'ఫ'తో. భారత్‌లో ఏ ఆఫీసులోనూ దాన్ని సరిగ్గా చదవరు.

అలరిక్

అందరి ఏలిక అని చెప్పుకునే పేరు. 410 ఆగస్టు 24న రోమ్‌లోకి చొరబడి దోచిన విసిగోతులనే జర్మానిక్ తెగ రాజుది. అదే ఏడాది ఇటలీ దక్షిణాన కొసెంజా దగ్గర చనిపోతే బుసెంతో నది దారి మళ్లించి, నది అడుగున పాతిపెట్టారని కథ. ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో ఇప్పుడు తల్లిదండ్రులు ఇష్టంగా చూస్తున్న పేరు. జర్మనీలో మాత్రం చాలా అరుదు.

ఇక్కడ మొదట తేల్చుకోవాల్సింది స్పెల్లింగు. జర్మన్ రూపం చివర 'సి, హెచ్' రెండూ ఉంటాయి, ఆ ధ్వని తెలుగులో లేదు, హిష్ అన్నట్టు గాలి వదలాలి. 'సి' ఒక్కటే ఉన్న రూపమైతే అలరిక్ అని అందరూ పలుకుతారు. మన నోటికి ఈ ఐదింట్లో అత్యంత సులువైనది ఇదే, లల్లాయిగా సాగుతుంది. రేపు అమెరికా వెళ్లినా, హైదరాబాద్ వచ్చినా మార్చుకోనక్కర్లేదు. ఒకటే అభ్యంతరం: జర్మన్ చెవికి ఇది కొంచెం ఇంగ్లీషు సీరియల్ పేరులా తగలొచ్చు. జర్మన్ సంప్రదాయం కావాలనే పట్టుదల ఉంటే అన్‌జెల్మ్ దగ్గరే ఆగండి.

ఇదే 'రిక్' ఉన్న ఎమెరిఖ్ గురించి కూడా అడుగుతుంటారు. ఇటాలియన్‌లో అది అమెరిగో అయింది, అమెరిగో వెస్పూచి పేరు మీద 1507లో వాల్ట్‌జేముల్లర్ పటంలో అమెరికా అచ్చయింది. కథ అద్భుతం. కానీ జర్మన్లకు రైన్ ఒడ్డున ఉన్న ఎమెరిఖ్ పట్టణమే ముందు తడుతుంది. రెండో పేరుగా బాగుంటుంది.

ఎంత అరుదో ఎలా తెలుసుకోవాలి

జర్మనీలో వీస్‌బాడెన్‌లోని జర్మన్ భాషా సంఘం 1977 నుంచి ఏటా పేర్ల జాబితా ఇస్తోంది. వందల జనన నమోదు కార్యాలయాల నుంచి లెక్కలు తీసుకుంటుంది. చదివేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకేలా పలికే స్పెల్లింగులను అది కలిపి లెక్కిస్తుంది. మొదటి పేర్లకూ, తర్వాతి పేర్లకూ వేరువేరు జాబితాలుంటాయి. అమెరికా సోషల్ సెక్యూరిటీ జాబితా దీనికి పూర్తి విరుద్ధం: ప్రతి స్పెల్లింగూ వేరు, ఏడాదిలో ఐదుగురికంటే తక్కువమందికి పెట్టిన పేరు అసలు కనబడదు. కాబట్టి రెండు దేశాల ర్యాంకులను పక్కపక్కన పెట్టి పోల్చడం తప్పు. మీరుండే ఊరి సంగతి కావాలంటే బెర్లిన్ లాంటి నగరాలు ఉచితంగా పెట్టే వార్షిక పట్టికలు చూడండి. ఒక్కసారే పెట్టిన పేర్లు కూడా వాటిలో ఉంటాయి. మూడు నాలుగేళ్లవి కలిపి చూడాలి. ఒక్క ఏడాదిలో రెండు నుంచి నాలుగు అయిందని పేరు రెట్టింపు ప్రజాదరణ పొందిందనుకోకూడదు.

ఆ జాబితాల పైభాగంలో ఈ మధ్య నోవా లాంటి హీబ్రూ పేర్లు ఉంటున్నాయి. జర్మానిక్ మూలమున్నవి కూడా బయటి దేశాల వేషంలోనే తిరిగొచ్చాయి: లియమ్ ఐర్లండ్ మీదుగా వచ్చిన విల్‌హెల్మ్, హెన్రీ ఇంగ్లండ్ మీదుగా వచ్చిన హైన్రిఖ్, లూయీ ఫ్రాన్స్ మీదుగా వచ్చిన లూడ్‌విగ్. అచ్చమైన జర్మన్ రూపంలో పెట్టడమే ఇప్పుడు అరుదు.

ఒక జాగ్రత్త. పాత జర్మానిక్ పేర్లను నాజీల కాలంలో ఎగదోశారు. ఇప్పటికీ నయా నాజీలు కొన్ని నార్స్ (పాత స్కాండినేవియా) పేర్లను గుర్తుగా వాడుకుంటారు. అన్‌జెల్మ్, అన్స్‌గార్ సాధువుల పేర్లు కావడంతో ఆ నీడ వాటి మీద లేదు. తోబుట్టువులందరికీ వోటాన్, తోర్ కథల్లోంచి వరసగా పెట్టుకుపోతే మాత్రం పక్కింటివాళ్లు వేరేగా అనుకుంటారు.

నమోదు దగ్గర

జననాన్ని వారంలోపు స్టాండెస్‌ఆమ్ట్‌కు, అంటే జనన నమోదు కార్యాలయానికి తెలపాలి. ఆసుపత్రిలో పుడితే ఆ పని ఆసుపత్రే చేస్తుంది. పేరు తేలకపోతే నెల వరకు గడువుంటుంది. 2025 మే 1 నుంచి పేరుకు వర్తించేది మామూలుగా నివసించే దేశపు చట్టం. అంతకుముందు పౌరసత్వమున్న దేశపు చట్టం వర్తించేది. కావాలంటే ఇప్పుడు కూడా దాన్ని ఎంచుకోవచ్చు. పాత వెబ్ పేజీల్లో చదివింది నమ్మి వెళ్తే గందరగోళమే.

తెలుగు పేరు పక్కన చేర్చడానికి అడ్డు లేదు. ఆడో మగో తెలియాలన్న పాత పట్టింపు 2008 డిసెంబరు 5న జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానంలో పోయింది. ఆ కేసులో పేరు మనదే, కిరణ్. అమ్మాయికి ఆ పేరు ఒక్కటే పెట్టడం కుదరదని అధికారులు అంటే, పేరు లింగాన్ని చెప్పి తీరాలన్న నియమం చట్టంలో లేదని న్యాయస్థానం తేల్చింది. సంఖ్యకు మాత్రం హద్దుంది: పన్నెండు పేర్లు పెట్టబోయిన ఒక తల్లిని ఐదు దగ్గర ఆపడం సరైనదేనని అదే న్యాయస్థానం 2004లో చెప్పింది.

జనన ధ్రువపత్రంలోని స్పెల్లింగే భారత పాస్‌పోర్టులోకి వస్తుంది. చుక్కల అచ్చులున్న గోట్స్, రూడిగర్ లాంటి పేర్లు అక్కడ 'ఓ, ఈ' అనో 'యూ, ఈ' అనో మారి రెండు కాగితాల్లో రెండు రకాలుగా కనబడతాయి. పైన చెప్పిన ఐదింట్లో ఒక్కదానికీ ఆ బెడద లేదు. భారత పౌరసత్వం కావాలంటే పుట్టిన ఏడాదిలోపు కాన్సులేట్‌లో నమోదు చేయించడం మరవద్దు.

తర్వాత పేరు మార్చాలంటే గట్టి కారణం చూపాలి, రుసుము 255 యూరోల దాకా ఉండొచ్చు. వరస మార్చడం మాత్రం తేలిక: జర్మన్ చట్టం వర్తించేవాళ్లు 2018 నవంబరు 1 నుంచి స్టాండెస్‌ఆమ్ట్‌లో ఒక ప్రకటన ఇచ్చి పేర్ల క్రమం మార్చుకోవచ్చు. అందుకే అరుదైన పేరు విషయంలో మనసు ఊగిసలాడుతుంటే అన్‌జెల్మ్ కార్తీక్ అని గానీ, కార్తీక్ అన్‌జెల్మ్ అని గానీ రెండూ విడివిడిగా రాయించండి. పెద్దయ్యాక ఏది ముందుండాలో వాడే నిర్ణయించుకుంటాడు. మధ్యలో అడ్డగీత పెడితే రెండూ కలిసి ఒకే పేరు అవుతాయి, ఆ గీతను ఈ ప్రకటనతో తీసేయలేరు.